52 నిమిషాల్లో నోరా గడప దాటాలి: తొలినాటి ప్రత్యక్ష ప్రసారానికి నాటకాన్ని మలిచే పద్ధతి

రంగస్థల నాటకాన్ని టెలివిజన్‌కు మలచడమంటే రాతప్రతి మీద కత్తెర వేసి, మిగిలినదాన్ని కెమెరాల ముందు ఆడించడమే అనుకునేవారు స్టూడియోలో అడుగుపెట్టిన తొలి రోజే చిక్కుల్లో పడతారు. వీడియో టేపు లేని కాలంలో, అంటే 1956లో ఆంపెక్స్ వీడియో రికార్డింగ్ యంత్రం వాడుకలోకి రాకముందు, నాటకం ప్రసారమవుతున్న క్షణంలోనే జరిగేది. ఒక గదిలో ఏడుస్తున్న స్త్రీ మరుసటి దృశ్యంలో వేరే దుస్తుల్లో వేరే గదిలో కనిపించాలంటే, ఆ నటి నిజంగానే పరుగెత్తి, నిజంగానే దుస్తులు మార్చుకుని, ఆయాసం తీర్చుకుని కొత్త చోట నిలబడాలి. ఆ పరుగుకు పట్టే సెకండ్లను ఎవరో ఒకరు నాటకంలోనే సమకూర్చి పెట్టాలి. ఆ బాధ్యత అనుసరణకర్తదే, అంటే నాటకాన్ని టెలివిజన్‌కు తిరగరాసే రచయితదే. అందువల్ల ఈ పనిలో కోయడం కంటే కోయకుండా వదలడం కష్టం: చదివేటప్పుడు అదనంగా తోచిన మాటే చాలాసార్లు నటికి వంతెన అవుతుంది.

ఈ ఇబ్బంది మొట్టమొదటి ప్రయత్నాల్లోనే ఎదురైంది. 1928 సెప్టెంబర్ 11న న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 'ది క్వీన్స్ మెసెంజర్' అనే ఏకాంకికను ప్రసారం చేసినప్పుడు మూడు కెమెరాలు వాడారు. రెండు కెమెరాలు ఇద్దరు నటుల ముఖాలకు, మూడోది చేతులకూ వస్తువులకూ కేటాయించారు. ముఖం చూపే నటులు కెమెరా ముందు నుంచి కదలడానికి వీల్లేదు కనుక, చేతుల కోసం వేరే ఇద్దరిని నిలబెట్టారు. చూడడానికి వింతగా ఉన్నా, ఆ చేతుల కిటుకు ఇరవై ఏళ్ల తర్వాత కూడా స్టూడియోల్లో పనికొచ్చింది. ఈ వ్యాసంలో మనకూ ఒకచోట పనికొస్తుంది.

పద్ధతి స్పష్టంగా కనిపించాలంటే ఒక నాటకాన్నీ కొన్ని హద్దులనూ ముందే ఖాయం చేసుకోవాలి. నాటకం హెన్రిక్ ఇబ్సెన్ 'ఎ డాల్స్ హౌస్'. అందులో నోరా తన భర్త టోర్వాల్డ్ ప్రాణం కాపాడడానికి, తండ్రి సంతకాన్ని తానే పెట్టి క్రోగ్‌స్టాడ్ అనే వ్యక్తి దగ్గర రహస్యంగా అప్పు తెస్తుంది; ఆ రహస్యం ఉత్తరం రూపంలో ఇంటికి వచ్చాక, చివరికి ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. క్రిస్టీన్ ఆమె స్నేహితురాలు, డాక్టర్ రాంక్ ఆ ఇంటి మిత్రుడు. హద్దులు 1950 ప్రాంతంలోని అమెరికా స్టూడియోవి: గంట కార్యక్రమం, ప్రకటనలూ పేర్లూ పోను నాటకానికి 52 నిమిషాలు, మూడు ఇమేజ్ ఆర్థికాన్ (ఆనాటి చిత్రగ్రహణ నాళిక) కెమెరాలు, పొడవాటి చేతికి వేలాడే రెండు బూమ్ మైకులు, ఒకే స్టూడియో, ఒకే ఒక్క అవకాశం.

నాటకం ఎంపిక

మొదట గదుల సంఖ్య చూడాలి, తర్వాత మనుషుల సంఖ్య, నాటకం గొప్పతనం ఆ తర్వాతే. బీబీసీ 1937 నవంబర్ 11న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి ఆర్.సి. షెరిఫ్ రాసిన 'జర్నీస్ ఎండ్'ను ప్రసారం చేసింది. కథంతా యుద్ధరంగంలో సైనికాధికారులు తలదాచుకునే ఒక్క భూగర్భపు గదిలో జరుగుతుంది. సుమారు 70 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న స్టూడియోకు అంతకన్నా అనువైన నాటకం దొరకడం కష్టం. జనసమూహాలున్న నాటకాలు అసాధ్యమని కాదు. సీబీఎస్ వారి 'స్టూడియో వన్' 1949లో 'జూలియస్ సీజర్'ను ఆధునిక దుస్తుల్లో ప్రదర్శించింది. అయితే ఒక మహానగరపు గుంపును నాలుగైదు ముఖాలకు కుదించే నేర్పు మొదటి ప్రయత్నంలో పట్టుబడేది కాదు.

1879 డిసెంబర్ 21న కోపెన్‌హేగెన్‌లో తొలిసారి ప్రదర్శితమైన 'ఎ డాల్స్ హౌస్'కు ఒకే గది, ఐదు ముఖ్యపాత్రలు, మూడు అంకాలు ఉన్నాయి. మూడు అంకాలూ మూడు రోజులకు చెందినవి కనుక మధ్యలో వచ్చే ప్రకటనలు కథను తెంచవు. ఒక్క హెచ్చరిక: మూల నాటకం మీద ఎవరికీ హక్కు లేకపోయినా, మీరు వాడుతున్న అనువాదం మీద అనువాదకుడికి హక్కు ఉండవచ్చు. ఆ సంగతి తేల్చుకోకుండా సంభాషణల మీద పని మొదలుపెట్టకండి.

ఇంకో తేలిక మార్గం కూడా ఉండేది. నాటకశాలలో ఆడుతున్న నాటకాన్ని అక్కడి నుంచే ప్రసారం చేయవచ్చు. 1938 నవంబర్ 16న లండన్ సెయింట్ మార్టిన్స్ థియేటర్ నుంచి జె.బి. ప్రీస్ట్‌లీ 'వెన్ వుయ్ ఆర్ మ్యారీడ్' అలాగే ప్రసారమైంది. ఆ పద్ధతిలో నటుడు చివరి వరసకు వినిపించేలా మాట్లాడతాడు, ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడు మాత్రం అడుగున్నర దూరం నుంచి ఆ గొంతు వింటాడు. అది నాటకశాలకు కిటికీ తెరవడం మాత్రమే. మనం చేయబోయేది అది కాదు.

నేల పటం ముందు, కత్తెర తర్వాత

ప్రతి మీద ఒక్క గీత కూడా గీయకముందే స్టూడియో నేల పటం గీయండి. ఒక అడుగుకు పావు అంగుళం చొప్పున కొలత పెట్టుకుంటే బల్ల మీద సరిపోతుంది. కెమెరాలకు బదులు మూడు అట్టముక్కలు కత్తిరించి, ఒక్కొక్కదానికి ఒక్కో రంగు దారం కట్టి, ఆ దారాల రెండో కొసలను స్టూడియో గోడలో కేబుల్ వచ్చే చోట గుండుసూదితో గుచ్చండి. తర్వాత నాటకం చదువుతూ అట్టముక్కలను జరపండి. ఒకటో కెమెరా రెండోదాని ముందు నుంచి దాటి మళ్లీ వెనక్కి రాకపోతే దారాలు పెనవేసుకుంటాయి. స్టూడియోలో కేబుళ్లూ సరిగ్గా అలాగే పెనవేసుకుంటాయి, కాకపోతే అక్కడ చిక్కు విప్పడానికి సమయం ఉండదు. ఈ దారాల ఆట పిల్లచేష్టలా అనిపించవచ్చు గాని, రెండో అంకంలో ఏ దృశ్యం ఏ మూలన జరగాలో నాకు సంభాషణల కన్నా ముందు దారాలే చెబుతాయి.

మన పటంలో ఒక పెద్ద గది, దానికి వెనుక ఒక నడవ చాలు. గది నాలుగో వైపు కెమెరాల కోసం తెరిచి ఉంటుంది. ఎడమన టోర్వాల్డ్ పనిగది తలుపు, కుడిన పడకగది తలుపు, వెనుక నడవలోకి తలుపు, ఆ నడవలో బయటి ద్వారానికి ఉత్తరాల పెట్టె. టోర్వాల్డ్ పనిగది లోపలి భాగం కట్టకండి. పై అంతస్తులో జరిగే విందును చూపించాలన్న కోరిక కూడా మొదట్లోనే తుంచేయండి. తెర మీద కొత్త చోటు కనిపిస్తే నాటకం విశాలమైందని నిర్మాతకు సంతోషం కలగవచ్చు. కాని ప్రతి కొత్త సెట్ ఒక కెమెరానూ ఒక బూమ్‌నూ తనవైపు లాక్కుంటుంది, నటుల నడకను పెంచుతుంది. పైనుంచి వినిపించే నాట్యసంగీతం ఆ విందును ఎలాగూ చెబుతుంది.

ఏది కోయాలి

పూర్తి నాటకం ఆడితే సుమారు మూడు గంటలు పడుతుంది కాబట్టి మూడింట రెండు పాళ్లకు పైగా పోవాలి. ప్రతి సంభాషణలోంచి రెండేసి వాక్యాలు తీసేస్తూ పోతే నాటకమంతా నీళ్లు కలిసిన పాలలా పలచబడుతుంది. అందుకు బదులు ఒక్కో పాయను మొత్తంగా తీసేయండి, ఉంచినదాన్ని నిండుగా ఉంచండి. డాక్టర్ రాంక్ వంశపారంపర్య వ్యాధి గురించిన చర్చ, క్రిస్టీన్ గతజీవితంలోని వివరాలు, పిల్లల్ని చూసే ఆయా పూర్వకథ పోవచ్చు. రాంక్ పాత్ర మాత్రం పోకూడదు, ఎందుకంటే మూడో అంకంలో నల్ల శిలువ గుర్తుతో ఉత్తరాల పెట్టెలో దొరికే అతని కార్డులు మాటల అవసరం లేకుండా మరణాన్ని ఇంట్లోకి తెస్తాయి. కెమెరాకు అంతకన్నా ఏం కావాలి?

మొదటి అంకంలో నోరా, క్రిస్టీన్‌ల సుదీర్ఘ సంభాషణ రంగస్థలం మీద కథకు పునాది. టెలివిజన్‌లో అందులో సగం కెమెరా చెప్పగలదు. నోరా బాదం బిస్కెట్లను జేబులో దాచి మూతి తుడుచుకోవడం దగ్గరగా చూపిస్తే, ఆమె భర్త దగ్గర చిన్న చిన్న అబద్ధాలకు అలవాటు పడిందన్న సంగతి ఐదు సెకండ్లలో తేలిపోతుంది.

ఒక్కచోట మాత్రం మాట కూడా తీయకూడదు. క్రోగ్‌స్టాడ్ అప్పుపత్రం బయటపెట్టే చోట తేదీలున్నాయి: నోరా తండ్రి మరణించింది సెప్టెంబర్ 29న, పత్రం మీద ఆయన సంతకం పక్కనున్న తేదీ అక్టోబర్ 2. నాటకమంతా ఈ మూడు రోజుల తేడా మీద నిలిచి ఉంది. ప్రేక్షకుడు వెనక్కి తిప్పి చూసుకోలేడు. ఆ సమయంలో వంటింట్లోకి వెళ్లినవాడికి కూడా అర్థం కావాలి. కాబట్టి తేదీని పాత్ర ఒకసారి పలకాలి, కాగితం మీద ఒకసారి కనిపించాలి, నోరా ముఖంలో మరోసారి కనిపించాలి.

నా లెక్కలో మొదటి అంకం 18 నిమిషాలు, రెండోది 15, మూడోది 19. మొదటి అంకంలో క్రోగ్‌స్టాడ్ దృశ్యానికే ఆరు నిమిషాలు ఇస్తాను. పేజీకి ఒక నిమిషం వంటి లెక్కలను నమ్మకండి. స్టాప్‌వాచ్ పట్టుకుని, పాత్రలు నడిచే చోట లేచి నడుస్తూ, పైకి చదివి చూడండి.

సెకండ్ల పట్టిక

కోత పూర్తయ్యాక అసలు పని మొదలవుతుంది. ప్రతి పాత్రకూ ఒక కాగితం తీసుకుని, ఆ పాత్ర కెమెరా నుంచి తప్పుకునే ప్రతి సందర్భంలోనూ ఇవి రాయండి: చివరి మాట ఏది, నిలబడినది ఎక్కడ, మళ్లీ కనిపించవలసినది ఎక్కడ, మధ్యలో మారవలసిన దుస్తులేవి, చేతిలోకి రావలసిన వస్తువేది, అందుకు పట్టే సెకండ్లెన్ని, ప్రతిలో దొరుకుతున్న సెకండ్లెన్ని. చివరి రెండు అంకెల్లో మొదటిది పెద్దదైతే మీ కోత తప్పు. ఆ సంగతి మీకు బల్ల దగ్గర తెలియకపోతే ప్రసారంలో అందరికీ తెలుస్తుంది.

ఈ నాటకంలో అతి కఠినమైన మార్పు మూడో అంకంలో ఉంది. విందు నుంచి వచ్చిన నోరా ఇటాలియన్ వేషంలో, పెద్ద నల్ల శాలువతో ఉంటుంది. ఆమె రహస్యాన్ని బయటపెట్టే క్రోగ్‌స్టాడ్ మొదటి ఉత్తరం చదివి టోర్వాల్డ్ మండిపడతాడు. అప్పుపత్రాన్ని తిప్పి పంపిన రెండో ఉత్తరం రాగానే చల్లబడి భార్యను క్షమించేశానంటాడు. నోరా వేషం తీసేస్తానంటూ పడకగదిలోకి వెళుతుంది. అతను తెరిచిన తలుపు దగ్గర పచార్లు చేస్తూ, తన రెక్కల నీడలో ఆమెకు భయం లేదని, క్షమించిన భార్య మగవాడికి రెండింతలు సొంతమవుతుందని ఉపన్యాసం ఇస్తాడు. ఆమె మామూలు దుస్తుల్లో తిరిగి వస్తుంది. అక్కడి నుంచి నాటకం దిశే మారిపోతుంది.

కత్తెర పట్టుకున్న మనిషికి టోర్వాల్డ్ ఉపన్యాసం వెంటనే కంట్లో పడుతుంది. ఒకే భావాన్ని నాలుగు రకాలుగా చెబుతాడు, అప్పటికే అతని స్వభావం మనకు తెలుసు, రెండు వాక్యాలు ఉంచితే చాలనిపిస్తుంది. అలా కోస్తే ఉపన్యాసం ఇరవై సెకండ్లకు కుదించుకుపోతుంది. పట్టిక చూడండి: తలుపు దాటి సెట్ వెనక్కి చేరడానికి 4 సెకండ్లు, శాలువా వేషమూ తీయడానికి 25, మామూలు గౌను తొడిగి బిగించడానికి 30, జుట్టులోని అలంకారం తీసి సవరించడానికి 10, ఊపిరి కుదుటపడి తలుపు దగ్గర నిలబడడానికి 6. మొత్తం 75 సెకండ్లు. ఉపన్యాసం పూర్తిగా పలికితే సుమారు 90 సెకండ్లు వస్తుంది. మీకు కావలసిన వంతెనను ఇబ్సెన్ ముందే కట్టి ఉంచాడు. దాన్ని కూల్చి, తర్వాత దుస్తుల మార్పు కోసం పనిమనిషి చేత పనికిరాని మాటలు పలికించడం ఎంత తెలివితక్కువ పని!

ఆ 90 సెకండ్లు నోరాకే కాక మిగతావారికీ కావాలి. టోర్వాల్డ్‌ను రెండో కెమెరా ఒక్కటే, ఆపకుండా, అతని పచార్లను అనుసరిస్తూ చూపుతుంది. ఆ సమయంలో ఒకటో కెమెరా నడవ నుంచి వెనక్కి వచ్చి, చివరి సంభాషణ జరిగే బల్ల దగ్గరికి చేరి, లెన్స్ మార్చి, ఫోకస్ సరిచూసుకుంటుంది. దానికి అరనిమిషం పడుతుంది. మూడో కెమెరా బల్లకు అవతలి వైపు చేరుతుంది. రెండో బూమ్ తన చెయ్యిని బల్ల మీదికి చాపుతుంది. నోరా తలుపులో కనిపించే క్షణానికి మనుషులూ యంత్రాలూ అన్నీ తమ తమ చోట్ల ఉంటాయి. పడకగదిలో ఇంకో కెమెరా పెట్టి ఆమె ముఖం చూపిద్దామని ఎవరైనా ప్రతిపాదిస్తే ఒప్పుకోకండి. అలా చూపితే దుస్తుల మార్పు సాధ్యం కాదు సరే, దానికి మించి, భర్త మాట్లాడుతున్నంతసేపూ భార్య ఏమవుతోందో మనకు కనిపించకపోవడంలోనే ఆ దృశ్యం పట్టు ఉంది.

ఈ లెక్కను ఇంకా తేలిక చేసే పద్ధతులు దుస్తుల విభాగానికి తెలుసు. వేషం వీపు భాగంలో హుక్కులకు బదులు ప్రెస్ బటన్లు కుట్టిస్తారు. నల్ల శాలువ వాటిని దాచేస్తుంది. పలుచటి దుస్తులైతే ఒకదాని కింద ఒకటి ముందే వేసుకుని పై పొర మాత్రం తీసేయడం కూడా ఉంది. రెండో అంకం చివర నుంచి మూడో అంకానికి వేషం మారడం మాత్రం సులువు: మధ్యలో ప్రకటన ఉంది, ఆ తర్వాత క్రిస్టీన్, క్రోగ్‌స్టాడ్‌ల మూడు నిమిషాల దృశ్యం ఉంది. ఆ దృశ్యాన్ని కూడా కోయాలనిపిస్తే ఈ పేజీకి తిరిగి రండి.

కెమెరాలు, చేతులు, ఉత్తరాల పెట్టె

ఆనాటి కెమెరా ముందు గుండ్రటి పలక మీద నాలుగు లెన్సులు ఉండేవి. సుమారు 34 డిగ్రీల విశాలంలో చూసే 50 మిల్లీమీటర్ల లెన్స్ ఇద్దరు ముగ్గురికి, 90 మిల్లీమీటర్లది ఛాతీ వరకు, 135 మిల్లీమీటర్లది ముఖానికి. పలక తిప్పేటప్పుడు చిత్రం చెదిరిపోతుంది కనుక ఆ కెమెరా ప్రసారంలో ఉండగా లెన్స్ మార్చకూడదు. ఆ రెండు మూడు సెకండ్లూ వేరే కెమెరా చూపుతూ ఉండాలి. అంటే ఒకే మనిషిని ఒకే కెమెరాతో దూరంగా, వెంటనే దగ్గరగా చూపించమని స్క్రిప్టులో రాయకండి. మధ్యలో అవతలి పాత్రకు ఒక వాక్యం ఇవ్వండి.

ఇంట్లోని తెర పరిమాణాన్ని మరవకండి. 1946లో ఆర్‌సీఏ అమ్మకానికి తెచ్చిన 630-టీఎస్ సెట్టులోని చిత్రనాళిక 10 అంగుళాలదే. అందులో ఐదుగురిని నిలబెడితే ఐదు అగ్గిపుల్లలు కనిపిస్తాయి. మొదటి అంకంలో అతిథులందరూ ఒకేసారి గదిలో ఉండే భాగాన్ని ఇద్దరిద్దరుగా విడగొట్టడం అందుకే.

ఉత్తరాల పెట్టె దగ్గర రంగస్థలం కన్నా మనకే సౌకర్యం ఎక్కువ. నాటకశాలలో ప్రేక్షకుడు పెట్టెలోని ఉత్తరాన్ని నోరా కళ్లలోంచి ఊహించుకోవాలి. ఇక్కడ గాజు వెనుక తెల్లటి కవరు తెరనిండా కనిపిస్తుంది. అయితే మూడో కెమెరా ప్రతిసారీ నడవలోకి దూరి రావడం వృథా. స్టూడియోలో ఒక మూల అచ్చంగా అలాంటి రెండో పెట్టె, రెండో ఉత్తరం, ఒక చిన్న బల్ల, ఒక దీపం ఏర్పాటు చేయండి. ఇక్కడే 1928 నాటి చేతులు పనికొస్తాయి. టోర్వాల్డ్ కవరు చించే దగ్గరి షాట్‌లో కనిపించేవి ఆ మూలన కూర్చున్న వేరే మనిషి చేతులు; ఆ ఐదు సెకండ్లలో అసలు నటుడు దీపం దగ్గర తన చోటికి చేరి, చదవడం పూర్తయిన ముఖంతో సిద్ధంగా ఉంటాడు. రెండు జతల చేతులకూ ఒకే రకం కఫ్, ఒకే రకం ఉంగరం ఉండాలి. చివర్లో నోరా ఉంగరం తిరిగి అడిగే నాటకంలో ఆ ఉంగరం తేడాగా కనిపిస్తే నవ్వుల పాలవుతాం.

పిల్లలతో దాగుడుమూతల దృశ్యాన్ని కెమెరాను బాగా కిందికి దించి చూపమని స్క్రిప్టులోనే సూచించండి. బల్ల కింద దాక్కున్న నోరా ముఖం, అవతల సగం తెరిచిన తలుపులో క్రోగ్‌స్టాడ్ బూట్లు. పిల్లలకు మాటలు తక్కువ పెట్టండి. ఆ దీపాల వేడిలో వాళ్లు ఏం మరచిపోతారో ఎవరూ చెప్పలేరు.

నోరా ఒంటరిగా తనలో తాను మాట్లాడుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని ముందే డిస్క్ మీద రికార్డు చేసి, పెదవులు కదపని ముఖం మీద వినిపించవచ్చు. నేనైతే ఒక్కచోటే వాడతాను. డిస్క్ సూది ఒక్క గాడి దాటినా నటి మౌనంగా బిక్కమొహం వేయవలసి వస్తుంది.

తెలుపు, నలుపు, కొవ్వొత్తులు

ఇమేజ్ ఆర్థికాన్ కెమెరాకు మెరిసే తెలుపు పడదు. దాని చుట్టూ నల్లటి అంచు కట్టినట్టు కనిపిస్తుంది. మూడో అంకంలో టోర్వాల్డ్ విందు దుస్తుల్లో ఉంటాడు, అంటే గంజిపెట్టిన తెల్ల చొక్కా. దాన్ని లేత నీలం రంగులో ముంచితే తెర మీద తెల్లగానే, శాంతంగా కనిపిస్తుంది. క్రిస్మస్ చెట్టు కొవ్వొత్తులను మొదటి అంకంలో వెలిగించకుండా ఉంచడం మేలు. రెండో అంకంలో చెట్టు బోసిపోయి, కొవ్వొత్తులు అడుగంటా కాలిపోయి ఉండాలి. కాబట్టి ప్రకటన సమయంలో చెట్టునే మార్చేయండి. రెండో చెట్టు మొదటినుంచీ సెట్ వెనుక నిలబడి ఉండాలని వస్తువుల పట్టికలో రాయడం మీ పనే.

ప్రకటనలూ ముగింపూ

ప్రకటనకు ముందు ఆగే చోటు నాటకంలోనే ఉంటే కొత్తది కనిపెట్టకండి. రెండో అంకం చివర నోరా తన దగ్గరున్న చిన్న గడియారం చూసి, అర్ధరాత్రికి ఏడు గంటలు, ఆ తర్వాత మరో ఇరవై నాలుగు, బతకడానికి ముప్పై ఒక్క గంటలు అని లెక్కవేసుకుంటుంది. ఏ ప్రాయోజకుడి ప్రకటనా ప్రేక్షకుణ్ని అక్కడి నుంచి లేవనీయదు. కాకపోతే సెట్‌లో గోడ గడియారం పెట్టకండి. కథలో గంట గడిచే చోట తెర మీద నాలుగు నిమిషాలే గడుస్తాయి, ఆ ముల్లు ఎవరో ఒకరి కంట పడుతుంది.

ముగింపును మెత్తబరచమని ఒత్తిడి రావచ్చు. అందుకు ఇబ్సెన్‌నే సాక్ష్యంగా తెచ్చేవారుంటారు, ఎందుకంటే 1880లో జర్మనీ ప్రదర్శన కోసం నోరా పిల్లల్ని చూసి ఆగిపోయే ముగింపు ఆయన స్వయంగా రాశాడు. ఇతరులు మార్చకముందే తానే మార్చడం మేలని రాసిన ఆ ముగింపును అనాగరికమైన దౌర్జన్యమని కూడా ఆయనే అన్నాడు. సమావేశానికి వెళ్లేటప్పుడు ఈ రెండో సంగతిని జేబులో పెట్టుకుని వెళ్లండి.

రిహార్సళ్లూ ప్రమాదాలూ

ఖాళీ గదిలో నేల మీద టేపుతో గోడలూ తలుపులూ గీసి వారం పది రోజులు సాధన చేస్తారు. కెమెరాలు చివరి ఒకటి రెండు రోజుల్లోనే దొరుకుతాయి. అనుసరణకర్త ఈ సాధనకు ప్రతిరోజూ హాజరు కావాలి, పట్టికలోని సెకండ్లను అసలు నడకతో సరిచూడాలి. బూటు మడమల శబ్దం మైకులో పడుతుందని నటి చెప్పులు విప్పి పరుగెత్తవలసి వస్తే మరో ఐదు సెకండ్లు కావాలి; అలాంటివి కాగితం మీద ఎప్పటికీ తెలియవు.

నటుడు మాట మరచిపోతే ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. బీబీసీ స్టూడియోల్లో మాట అందించేవారి దగ్గర ఒక మీట ఉండేది. నొక్కితే ప్రసారంలో ధ్వని ఆగిపోతుంది, మాట అందించి వదిలేస్తారు. ఇంట్లో ఉన్నవారు తమ సెట్టే ఒక్క క్షణం మూగబోయిందనుకుంటారు. మంచి ఉపాయమే, కాని దాని మీద ఆధారపడి రాయకూడదు.

అంతకు మించిన ఆపదా జరిగింది. 1958 నవంబర్ 30న బ్రిటన్‌లో ఏబీసీ సంస్థ 'ఆర్మ్‌చైర్ థియేటర్' కింద 'అండర్‌గ్రౌండ్' అనే నాటకం ప్రత్యక్షంగా ప్రసారమవుతుండగా, గ్యారెత్ జోన్స్ అనే యువనటుడు తన రెండు దృశ్యాల మధ్య గుండెపోటుతో మరణించాడు. మిగిలిన నటులు అతని మాటలను అప్పటికప్పుడు పంచుకుని నాటకాన్ని ముగించారు. ఇలాంటిదానికి ఎవరూ సిద్ధంగా ఉండలేరు. అయినా స్క్రిప్టు రాసేటప్పుడు ఒక జాగ్రత్త సాధ్యమే: కథకు ప్రాణమైన ప్రతి సమాచారమూ కనీసం రెండు పాత్రల నోట ఉండాలి. క్రోగ్‌స్టాడ్ తేదీ చెప్పడం మరిస్తే, నోరా తానే కాగితం చూసి చదివేలా ఒక వాక్యం సిద్ధంగా ఉంచి, సాధనలో ఒకసారి అలాగే చేయించండి.

చివరి ఎనిమిది నిమిషాలు

ప్రత్యక్ష ప్రసారంలో నాటకం తొందరపడుతుంది లేదా సాగుతుంది. సాధనలో 52 నిమిషాలు వచ్చింది ప్రసారంలో 50 కావచ్చు, 54 కావచ్చు. రెండింటికీ ఏర్పాటు ఉండాలి. స్క్రిప్టులో మూడు చోట్ల ఐచ్ఛికపు కోతలు గుర్తించండి. ఒక్కొక్కటి ముప్పై నలభై సెకండ్లది, ముందువెనుకల వాక్యాలు అతుక్కునేది. ఫ్లోర్ మేనేజర్ వేలు చూపగానే నటులు అక్కడి నుంచి ఇక్కడికి దూకాలి. ఈ మూడూ బల్ల దగ్గరి చివరి సంభాషణకు ముందే ఉండాలి. ఒకటి రాంక్ వీడ్కోలులో, ఒకటి క్రిస్టీన్ ఎదురుచూపులో, ఒకటి విందు నుంచి వచ్చిన టోర్వాల్డ్ మురిపెంలో. అతని క్షమాపణ ఉపన్యాసంలో మాత్రం కాదు. అక్కడి సెకండ్లు నోరావి.

నోరా మామూలు దుస్తుల్లో బల్ల దగ్గర కూర్చునే సరికి కంట్రోల్ రూమ్ గడియారం ప్రకారం ఎనిమిదిన్నర నిమిషాలు మిగిలి ఉండాలి. ఎనిమిది సంభాషణకు, మిగిలినది తలుపుకూ టోర్వాల్డ్‌కూ. నటీనటుల పేర్లను రెండు రకాలుగా సిద్ధం చేయించండి. పొడవైనది చేత్తో తిప్పే చుట్ట మీద, పొట్టిది ఒకే అట్ట మీద. సమయం మిగిలితే చుట్టను మెల్లగా తిప్పుతారు, మించితే అట్ట చూపి ముగిస్తారు. బయటి తలుపు మూసుకునే చప్పుడు వినిపించేటప్పుడు కెమెరా నోరా వెంట నడవలోకి వెళ్లకుండా టోర్వాల్డ్ ముఖం మీదే ఉండాలని, ఆ చప్పుడు తర్వాత సంగీతం లేకుండా 6 సెకండ్లు ఆ ముఖమే ఉండాలని స్క్రిప్టులో ఎర్రసిరాతో రాయండి. పేర్లు మొత్తంగా పోయినా సరే, ఆ 6 సెకండ్లను మాత్రం దేనికీ అప్పివ్వకండి.